పాత బండి మీద పాత అపవాదు

"ఎవరిదో రోగం పైసలిచ్చి ఇంటికి తెచ్చుకున్నట్టే గద బావా!"

మొన్నటి దసరా నాడు పీర్జాదిగూడలో మా ఇంట్లో భోజనాల దగ్గర మా బావమరిది అన్న మాట ఇది. మా పై వాటాలో ఉండే తమ్ముడు నాచారం పారిశ్రామికవాడలో సూపర్‌వైజరు. భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేని తల్లి. సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ ఒకటి చూశాడట. "అన్నా, ఆదివారం జర నాతోని వస్తవా?" అని అడగడానికి కిందికి వచ్చాడు. అడగడం పూర్తి కాకముందే విస్తళ్ళ ముందు నుంచి తలో మాటా లేచింది. "ఇంకో రెండు లక్షలు ఏసుకుంటే కొత్తదే వస్తది", "జీఎస్టీ తగ్గించిన్రు గద", "నెలకు పదివేలు కట్టలేవా తమ్మీ", "పాతది కొంటే దాని రిపేర్లకే కొత్త బండి పైసలైతయ్". పాపం, అందరికీ తలూపి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా షోరూంలో బుక్ చేసి వచ్చాడు. 6 లక్షల అప్పు, ఏడేళ్ళ కంతులు.

అతని జీతమెంతో నాకు తెలుసు. పిల్లల స్కూలు ఫీజులెంతో తెలుసు. ఆ రోజు నేను గట్టిగా నోరు విప్పి ఉండాల్సింది. అప్పుడు అనని మాటలు ఇప్పుడు రాస్తున్నాను. ఈ అభిప్రాయం మా బావమరిది ఒక్కడిదే కాదు. బోడుప్పల్లో, మేడిపల్లిలో, రామంతాపూర్‌లో, ఉప్పల్ రింగురోడ్డు టీకొట్టు దగ్గర ఎవరిని కదిపినా ఇదే చెబుతారు. పాత కారంటే దగా, కొత్త కారంటే నిశ్చింత అని. ఇది తప్పని, నెల జీతం మీద బతికే ఇళ్ళను ఏళ్ళ తరబడి అప్పులో ఉంచే తప్పని నేను అంటున్నాను.

ముందు లెక్క చూద్దాం. 6 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్ళ గడువు. నెలకు 9,650 రూపాయలు కట్టాలి. 84 కంతులూ తీరేసరికి కట్టింది 8 లక్షల 10 వేలు. అంటే వడ్డీయే 2 లక్షల 10 వేలు. ఇటు అప్పు తీరుతుంటే అటు బండి విలువ కరుగుతుంటుంది. బీమా పాలసీ మీద ఐడీవీ (బీమా లెక్కలో బండి విలువ) అని ఒక అంకె ఉంటుంది చూడండి, దాన్ని లెక్కకట్టే తరుగుదల పట్టిక ఎవరూ దాచిపెట్టింది కాదు. ఏడాది నిండేసరికి 15 శాతం తరుగు, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, ఐదేళ్ళకు 50. షోరూం ధర 6 లక్షలున్న బండి ఐదేళ్ళకు 3 లక్షలదవుతుంది. మార్కెట్లో మోడల్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. అరవై నెలల్లో 3 లక్షలంటే నెలకు 5 వేలు. బండి తాళం తీయకుండా ఇంటి ముందు నిలబెట్టినా ఆ 5 వేలు పోతాయి.

దీనికి తోడు లైఫ్ ట్యాక్సు. తెలంగాణలో 5 లక్షల లోపు కారుకు 13 శాతం, ఆ పైన 10 లక్షల దాకా 14 శాతం. 6 లక్షల బండికి 84 వేలు. ఆ డబ్బు రిజిస్ట్రేషన్ రోజే మన చేతి నుంచి పోతుంది, బండి అమ్మేటప్పుడు విడిగా తిరిగి రాదు. అదే తెలంగాణలో రిజిస్టరైన పాత బండి కొంటే ఆ పన్ను మొదటి ఓనరు ఎప్పుడో కట్టేశాడు. మొదటి ఐదేళ్ళ తరుగూ అతనే మోశాడు. "ఎవరిదో రోగం మనం కొనుక్కోవడం" అంటున్నారు గానీ, ఇక్కడ మన నష్టాన్ని ముందే ఎవరో భరించి పెట్టారు. అది ఎందుకు కనపడదో నాకు అర్థం కాదు.

పాత బండికి బ్యాంకు వడ్డీ ఎక్కువ కదా అంటారు. ఎక్కువే. 13 శాతం అనుకుందాం. 3 లక్షలు మూడేళ్ళకు తీసుకుంటే నెలకు 10,100. కంతు కొత్త బండి కంతుకు కాస్త పైనే. కానీ మొత్తం వడ్డీ 64 వేలు, అక్కడి వడ్డీలో మూడో వంతుకు తక్కువ. మూడేళ్ళకు బండి పూర్తిగా మనదవుతుంది. కొత్త బండి కొన్నవాడికి అప్పటికి ఇంకా 48 కంతులు మిగిలే ఉంటాయి.

రిపేర్ల మాటకొస్తాను. చిన్న కారులో పెద్ద ఖర్చు పెట్టించేవి ఏమిటి? నాలుగు టైర్లు మార్చాలంటే సుమారు 16 వేలు. బ్యాటరీ 5 వేలు. క్లచ్ సెట్టు మజూరీతో కలిపి 10 వేలు. ముందు సస్పెన్షన్లో బుష్‌లు, లింక్ రాడ్లు, షాకబ్సార్బర్లు అన్నీ కలిపి మరో 10, 12 వేలు. ఇవన్నీ ఒకే ఏడాదిలో కూడబలుక్కుని పాడైనా 45 వేలు దాటవు. కొత్త బండికి ఏడాది కంతులే లక్షా 15 వేలు. "రిపేర్ల డబ్బుతో కొత్తది వస్తుంది" అన్నవాళ్ళెవరూ కాగితం మీద కూడిక వేసి చూడలేదు. కొత్త బండికి వారంటీ ఉంది కదా అనేవాళ్ళకు ఒక మాట. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్ల లాంటి అరిగిపోయే సామాన్ల అరుగుదల వారంటీలోకి రాదు. నాలుగో ఏట కొత్త కారు టైర్లు కూడా మన డబ్బుతోనే మార్చాలి.

ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద 28 శాతం పన్ను 18 శాతానికి దిగింది, పైనున్న సెస్సు పోయింది. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1200 సీసీకి మించని ఇంజను ఉన్న బండ్లకు ఈ లాభం. మంచిదే. కానీ ఇది కొత్త బండి వైపు వాదన ఎలా అవుతుంది? కొత్తది దిగితే పాతదాని ధర కూడా దిగక తప్పదు. దాదాపు కొత్త బండి ధరకు పాత బండి ఎవరు కొంటారు? ఈ మార్పులో నిజంగా దెబ్బతిన్నది ఆ ఆగస్టులో కొత్త కారు కొన్నవాడు. 6 లక్షల బండి మీద అతనికి రాత్రికి రాత్రి 50 వేలు పోయింది. కొత్త కారు ధరలో పెద్ద వాటా పన్నులదే. అవి ఢిల్లీలో ఒక సంతకంతో మారిపోతాయి. పాత బండి కొన్నవాడికి ఆ దెబ్బ సగమే తగులుతుంది.

దీని పక్కనే ఇంకో పుకారు నడుస్తోంది, పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ వేశారని. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది వ్యాపారుల సంగతి. పాత కార్లు కొని అమ్మే రిజిస్టర్డ్ డీలరు తన లాభం మీద ఆ పన్ను కట్టాలి. నాచారంలో ఒక ఇంటాయన తన కారును పీర్జాదిగూడలో మరో ఇంటాయనకు అమ్మితే జీఎస్టీ పైసా లేదు.

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్ళు కూడా చివరికి ఒక మాట దగ్గర ఆగుతారు. "లెక్క సరే, నమ్మడమెట్లా? పైన పెయింటు, లోపల తుప్పు." అసలు భయం ఇదే. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే 2024లో నా బండి కోసం తిరిగినప్పుడు మూడు కార్లు చూశాను. వాటిలో రెండు మోసమే.

మొదటిది మెయిన్ రోడ్డు పక్కన ఒక యార్డులో. ఎర్ర రంగు, 2018 మోడల్, అద్దంలా మెరుస్తోంది. మార్కెట్ రేటుకు 60 వేలు తక్కువ చెప్పారు. నేను అప్పటికే మనసులో కొనేశాను. నాతో వచ్చిన మెకానిక్ బానెట్ తెరవలేదు, స్టార్ట్ చేయలేదు. వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు పట్టుకుని నెమ్మదిగా చివరిదాకా గుంజాడు. బెల్టు చివరి మూరెడు దగ్గర టీ డికాక్షన్ రంగులో అడ్డంగా ఒక చార. వేలితో రుద్దితే సన్నటి మట్టి రాలింది. తర్వాత కాళ్ళ దగ్గర కార్పెట్ అంచు ఎత్తి చూపించాడు. సీటు పట్టాల బోల్టులు తుప్పుతో ఉబ్బి ఉన్నాయి. "నీళ్ళల్ల మునిగిన బండి సార్ ఇది. ఇంజన్ కడిగిన్రు, సీట్లు కడిగిన్రు. బెల్టు గుంజి కడగాల్నని ఎవలికీ యాదికి రాలే" అన్నాడు.

2020 అక్టోబరు 13 రాత్రి మన వైపు ఎవరూ మరిచిపోలేదు. ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు పొంగి రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు మునిగాయి, సెల్లార్లలో కార్లు తేలాయి. ఆ కార్లన్నీ ఎటు పోయాయి? కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని కడిగించుకుని, కొత్త సీటు కవర్లు వేయించుకుని మళ్ళీ సంతకు వచ్చాయి. నీళ్ళు తాగిన వైరింగు వెంటనే చావదు. ఏడాదికో రెండేళ్ళకో ఒక్కో సెన్సరూ, ఒక్కో కనెక్టరూ పచ్చటి చిలుము పట్టి మొరాయిస్తుంది. అలాంటి బండి కొన్నవాడు "సెకండ్ హ్యాండ్ అంటేనే ఇంత" అని ఊరంతా చెబుతాడు. ఆ బెల్టు గుంజడానికి అర నిమిషం పట్టదు.

రెండోది హబ్సిగూడలో, బ్రోకరు చూపించింది. "డాక్టరు వాడిన బండి సార్, సింగిల్ హ్యాండ్, 31 వేలే తిరిగింది." 2019 బండి. ఈసారి నేనే వంగి టైరు చూశాను. ప్రతి టైరు పక్కగోడ మీద చిన్న గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఈ బండి మీద 3822 అని ఉంది, అంటే 2022లో 38వ వారం. కంపెనీ టైర్లు మామూలుగా 40 వేల కిలోమీటర్లు లాగుతాయి. 31 వేలు కూడా తిరగని బండికి అంతకుముందే టైరు ఎందుకు మారింది? ఒక్క టైరుతో తీర్పు చెప్పలేం, నిజమే. కానీ క్లచ్ పెడల్ మీద రబ్బరు గీతలు అరిగి నున్నగా అయ్యాయి, స్టీరింగు పైభాగం నూనె రాసినట్టు మెరుస్తోంది. ఓనరు పేరు మీద సర్వీసు రికార్డు తీయించమని పట్టుబడితే బ్రోకరు మూడు రోజులు నసిగి చివరికి పంపాడు. 2022లో చేసిన సర్వీసు దగ్గరే రీడింగు 68 వేలు. మీటరు వెనక్కి తిప్పారు.

ఈ రెండూ చెప్పి మీ భయాన్ని నేనే పెంచుతున్నానేమో. నేను చెప్పదలచుకున్నది దీనికి సరిగ్గా ఎదురు. ఆ రెండు మోసాలూ దొరికాయి. కంటికి, చేతికి దొరికాయి. ఒకటి సీటు బెల్టు దగ్గర, ఒకటి టైరు మీద. పాత బండిలో దాగిన లోపానికి ఎక్కడో ఒక చోట జాడ ఉంటుంది, ఎందుకంటే బండి అప్పటికే ఐదేళ్ళు బతికింది. షోరూంలో సంతకం పెట్టే ఏడేళ్ళ అప్పుకు అలాంటి జాడ ఉండదు. మూడో ఏట ఉద్యోగం ఊడుతుందో, ఐదో ఏట ఇంట్లో ఆపరేషన్ పడుతుందో ఏ టైరు మీదా రాసి ఉండదు. తెలుసుకోగల ప్రమాదానికి భయపడి, తెలుసుకోలేని ప్రమాదంలోకి దూకడం జాగ్రత్త అనిపించుకోదు.

మూడోది నాచారంలో, ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో. మన తూర్పు వైపుకు ఒక అదృష్టముంది. తార్నాక, హబ్సిగూడ, నాచారం, ఈసీఐఎల్ చుట్టూ ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి సంస్థల్లో పనిచేసి రిటైరైన కుటుంబాలు బోలెడు. వాళ్ళ కార్లు కూరగాయలకు, గుడికి, ఏడాదికోసారి ఊరికి తప్ప కదలవు. పిల్లలు విదేశాల్లో ఉంటారు. కళ్ళు మసకేశాక బండి అమ్ముతారు. ఇలాంటి బండ్లు యార్డులదాకా రాకముందే నోటిమాట మీద అమ్ముడుపోతాయి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో, కాలనీ సంఘంలో తెలిసినవాళ్ళనో అడిగి పెడితే తెలుస్తుంది.

ఆ ఇంటికి పొద్దున ఏడింటికి వెళ్ళాం. "ఇంజను చల్లగా ఉండాలని మీ మెకానిక్ చెప్పాడట కదా బాబూ, అందుకే రాత్రి నుంచి కదిలించలేదు" అన్నారు ఆ ఇంటి అమ్మగారు. మెకానిక్ ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. వేడెక్కిన ఇంజను స్టార్టింగు ట్రబుల్‌ని, పొద్దుటి పొగని, టాపెట్ల చప్పుడుని దాస్తుంది. ఆయిల్ మూత తీసి లోపల తెల్లటి నురగ ఉందేమో చూశాడు. ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నట్టు. స్టార్ట్ చేసి వెనక నిలబడ్డాడు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతున్నట్టు. అదీ లేదు. తలుపుల రబ్బరు బీడింగ్ లాగి లోపలి వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా అని వేలితో తడిమాడు. కంపెనీ వేసిన చుక్కలు ముత్యాల వరసలా ఉంటాయి. గుద్దుకుని టింకరింగ్ చేయించిన చోట ఆ వరస చెదురుతుంది. బానెట్ కీళ్ళ బోల్టుల మీద పెయింటు చెక్కు చెదరలేదు. అన్ని అద్దాల మీదా ఒకే సంవత్సరం గుర్తు. ఎడమ తలుపు మీద పెద్ద గీత ఉంది. "గేటుకు రాసుకుంది" అన్నారాయన. దాన్ని కప్పిపుచ్చడానికి పెయింటు వేయించలేదు. నాకు ఆ గీత దగ్గరే నమ్మకం కలిగింది.

తర్వాత బండిని వరంగల్ హైవే మీదికి తెచ్చాం. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్ల కింద రోడ్డు ఎలా ఉండేదో ఇటు తిరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎన్ని నడుములు విరిగాయో గానీ, పాత బండి సస్పెన్షన్‌కు అంతకు మించిన పరీక్ష లేదు. మేడిపల్లి వరకూ పోయొచ్చేలోపు ముందు ఎడమ చక్రం దగ్గర "టక్ టక్" తెలిసిపోయింది. లింక్ రాడ్ అరిగింది. ఆ సంగతి చెప్పి 10 వేలు తగ్గించమన్నాం. పెద్దాయన ఒక్క మాటతో తగ్గించారు. 2019 వ్యాగనార్, 46 వేలు తిరిగింది, 3 లక్షల 95 వేలు. అదే రకం కొత్త బండి ఆ రోజు ఇంటికి తెచ్చుకోవాలంటే 7 లక్షలు దాటుతోంది.

అయినా డబ్బు అప్పుడే ఇవ్వలేదు. పాత బండి విషయంలో ఇంజను కంటే కాగితం ఎక్కువ ఏడిపిస్తుంది. దీన్ని మాత్రం జనం అస్సలు పట్టించుకోరు. ఆయన కారు లోను 2022లోనే తీర్చేశారు, కానీ ఆర్సీలో హైపోథికేషన్ అలాగే ఉంది. బ్యాంకు నుంచి ఎన్వోసీ, ఫారం 35 తెచ్చి దాన్ని కొట్టేయించాల్సి వచ్చింది. రెండు వారాలు పట్టింది. 10 వేలు టోకెన్ ఇచ్చి ఆగాం. బండి నంబరు మీద 235 రూపాయల చలానాలు రెండు తేలాయి, ఆయనే కట్టారు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు నా ముందే, నా పేరు నింపాకే పెట్టించుకున్నాను.

ఇక్కడ బ్రోకర్ల అలవాటు ఒకటి చెప్పాలి. ఓనరు చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, కొనేవాడి పేరు రాయకుండా బండిని ఒకరి నుంచి ఒకరికి తిప్పుతుంటారు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. చెయ్యకపోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఆ కారు చేతులు మారుతూ పోయింది, ఆర్సీ మాత్రం మొదటి ఓనరు పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. ఆర్సీలో పేరున్నవాడే ఓనరు, పరిహారం బాధ్యత అతనిదే అంది కోర్టు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా అమ్మేవాళ్ళు కూడా నిద్రపోకూడదు. మా వైపు వాళ్ళకు ఇది ఉప్పల్ ఆర్టీఏలో స్లాట్ బుక్ చేసుకుని ముగించుకునే పని. బ్రోకరు ఇంటి చుట్టూ తిరగనక్కర్లేదు. బీమా కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరు సొత్తు, అది బండితో రాదు. ఆ తేడా ప్రీమియం ముందే లెక్కలో వేసుకోవాలి.

నంబరు ప్లేటు చదవడం కూడా నేర్చుకోవాలి. ఏపీ 29 అని ఉంటే అది రాష్ట్రం విడిపోకముందు మన రంగారెడ్డి తూర్పులో రిజిస్టరైన బండి. టీఎస్ 08 అయితే 2014 తర్వాతది, టీజీ 08 అయితే 2024 మార్చి తర్వాతది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే. 2011 నాటి ఏపీ 29 బండి చౌకగా వస్తోందంటే ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్సు, 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైన రెన్యూవల్ ఫీజు అన్నీ మన నెత్తిన పడతాయని అర్థం. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద వచ్చిన ఆంక్షల వల్ల ఆ నంబర్లున్న కార్లు చాలా హైదరాబాదు చేరాయి. వాటికి ఎన్వోసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. పెద్దగా వ్యవహారం తెలియని ఇంటికి నేను ఆ బండి వద్దంటాను.

"ఇంత తిప్పలెందుకు, కంపెనీవాళ్ళ సర్టిఫైడ్ బండి తీసుకుంటే పోలా" అనేవాళ్ళున్నారు. మారుతీ 2001లోనే ట్రూ వాల్యూ మొదలుపెట్టింది, తర్వాత ఎన్నో వచ్చాయి. తీసుకోండి, తప్పులేదు. కాగితాల పని వాళ్ళే చూస్తారు, కొన్ని నెలలు వారంటీ ఇస్తారు. ఆ సేవకు ధర కలుపుతారు, అదీ న్యాయమే. అయితే వాళ్ళ చెక్‌లిస్టు చూసి మన మెకానిక్‌ని ఇంట్లో కూర్చోబెట్టకండి.

ఒక్క విషయంలో ఎదుటివాళ్ళు చెప్పేది నిజం. భద్రత. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన చిన్న కార్లను గుద్దించి చూస్తే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలోల ఎయిర్‌బ్యాగులు లేని బేస్ మోడళ్ళన్నీ సున్నా స్టార్లు తెచ్చుకున్నాయి. ఆ కాలం బండి చవకని కొని పిల్లల్ని కూర్చోబెట్టుకుని యాదగిరిగుట్టకు హైవే మీద వంద స్పీడులో పోవడాన్ని నేను సమర్థించను. 2019లో ఏబీఎస్, డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు 2022 జనవరి నుంచి అన్ని మోడళ్ళకూ వచ్చింది. కాబట్టి నా గీత ఇక్కడ గీస్తాను. ఏబీఎస్, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు లేని బండిని కుటుంబం కోసం కొనొద్దు. నా వ్యాగనార్ రెండు ఎయిర్‌బ్యాగుల ఆప్షన్ మోడల్, అది దొరికేదాకా ఆగాను. ఇంకోటి ఇథనాల్. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును తట్టుకునే భాగాలతో వస్తున్నాయి. అంతకుముందు బండి కొంటే పెట్రోలు పైపులు, గాస్కెట్లు ఒకసారి చూపించుకోవాలి, మైలేజీ కాస్త తగ్గుతుందని తెలిసే కొనాలి.

ఇవన్నీ విప్పి చెప్పాక కూడా కొందరి ముఖంలో ఒక అసంతృప్తి మిగిలే ఉంటుంది. అది ఇంజను గురించి కాదు, నలుగురి గురించి. గుడి ముందు కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించి, పూలదండ వేసి, ఫొటో దిగాలి. చుట్టాలకు మిఠాయి పంచాలి. ఆ ముచ్చట నాకు తెలుసు, దాన్ని చిన్నచూపు చూడను. కానీ మన ముందు తరం మధ్యతరగతి మొదటి కారు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. 1983లో మారుతీ 800 వచ్చింది. మన వీధుల్లో చాలామంది ఇళ్ళకు అది రెండో చేతి మీదో మూడో చేతి మీదో వచ్చింది. 2010లో కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాదులో కొత్త 800 అమ్మకం ఆగిపోయాక కూడా పాత 800లు మన పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, పుష్కరాలకు తిరుగుతూనే ఉన్నాయి. వాటికీ యాదగిరిగుట్టలో పూజ చేయించారు. స్వామి ఆర్సీ అడగలేదు.

మా ఇంట్లో ఆ బండి మీద మా ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది. ఎడమ తలుపు గీత పక్కన ఇంకో రెండు గీతలు పడ్డాయి. కొత్త బండి అయితే మొదటి గీతకే తాళం నా చేతికిచ్చి మళ్ళీ ముట్టుకునేది కాదు. ఇప్పుడు వానాకాలం రాత్రి మా అమ్మను తార్నాకలో డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళి తీసుకొస్తుంది. మెట్రో ఉప్పల్ దాకా వచ్చి ఏళ్ళయింది, మంచిదే, కానీ స్టేషనుకూ మా ఇంటికీ మధ్య ఆ నాలుగైదు కిలోమీటర్లు మోకాళ్ళ నొప్పి మనిషికి రాత్రిపూట చాలా దూరం.

కొన్నాక లింక్ రాడ్లు, బ్యాటరీ, రెండు టైర్లు, మామూలు సర్వీసులు కలిపి ఇప్పటిదాకా 31 వేలు పెట్టాను. కంతు లేదు.

కారు కొనాలని ఇంట్లో మాట అనుకుంటున్నవాళ్ళు షోరూంకు వెళ్ళేముందు నాలుగు ఆదివారాలు పాత బండ్లకు ఇవ్వండి. ముందు రోజే ఫోన్ చేసి బండి కదిలించొద్దని చెప్పండి. తెలిసిన మెకానిక్‌కు ఐదొందలో వెయ్యో ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. తెల్లారి ఏడింటికే వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉంటేనే తాళం అడగండి.